యాపిల్‌ని పప్పులో వెయ్యి తల్లీ

రాజమహేంద్రవరం,
అక్టోబరు 12

చి. వసుధకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, నెమ్మదిగా మెట్లు ఎక్కుతోంది. మేడ మీది గదికి రంగులు వేయించాం, నువ్వు వచ్చేసరికి వాసన పోతుంది. చినబాబు మళ్లీ బడికి వెళుతున్నాడు. సత్యవతి పని మానేస్తానని ఎప్పటిలాగే అంది, ఎప్పటిలాగే మర్నాడు వచ్చింది.

మొన్న భాను ఫోను చేసింది. ఆ మాటా ఈ మాటా చెబుతూ నీ ఊసు ఎత్తింది. రాత్రిపూట నువ్వు పొయ్యి వెలిగించడమే మానేశావనీ, రెండు యాపిల్ పండ్లు కోసుకు తిని పడుకుంటున్నావనీ, ఆఫీసు మెట్ల దగ్గర కళ్లు తిరిగి కూర్చుండిపోయావనీ అంది. భాను ఉన్నదానికి కాస్త చేర్చి చెబుతుందని నాకు తెలుసు. అందుకే అమ్మకు ఆ మెట్ల సంగతి చెప్పలేదు. ఈ ఉత్తరం దాని గురించి కాదు. యాపిల్ గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను.

యాపిల్‌ని తక్కువ చేసి మాట్లాడను. నువ్వున్నది వాషింగ్టన్ రాష్ట్రం. అమెరికాలో పండే యాపిల్‌లో సగానికి పైగా మీ రాష్ట్రం నుంచే, ముఖ్యంగా మీ దగ్గర కొండలు దాటితే వచ్చే వెనాచీ, యాకిమా లాంటి లోయల నుంచి వస్తుంది. ఈ నెలలో అక్కడ ఇంకా కోతలు నడుస్తూ ఉంటాయి. తాజా పండు, చవకగా దొరికే పండు, తినవలసిందే. వంద గ్రాముల యాపిల్‌లో 52 కేలరీలే ఉంటాయి, నూటికి 85 పాళ్లు నీరే. తొక్కతో తింటే పీచు బాగా అందుతుంది. చిన్నప్పటిలా తొక్క తీసి పక్కన పెట్టకు, కడిగి తొక్కతోనే తిను.

కానీ లెక్క చూడమ్మా. రెండు మధ్యరకం పండ్లకు కలిపి 190 కేలరీలు. అందులో మాంసకృత్తులు ఒక్క గ్రాము కూడా ఉండవు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వేసిన లెక్క ప్రకారం, కూర్చుని పని చేసే ఆడవాళ్లకు రోజుకు సుమారు 1660 కేలరీలు, 46 గ్రాముల మాంసకృత్తులు, 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. కోసిన యాపిల్ నల్లబడుతుంది కాబట్టి అందులో ఇనుము ఉందని మన ఇళ్లలో ఒక నమ్మకం. అది ఇనుము కాదు. పండులోని ఒక ఎంజైము గాలి తగలగానే చేసే పని. నిమ్మరసం రాస్తే ఆగిపోతుంది. రెండు పండ్లు తిన్నా అర మిల్లీగ్రాము ఇనుము కూడా రాదు. కళ్లు తిరగడానికి ఇనుము తక్కువ కావడం కూడా ఒక కారణం కావచ్చు. కాబట్టి భాను చెప్పింది సగం నిజమైనా సరే, ఒకసారి రక్తపరీక్ష చేయించుకో.

యాకిమా అనగానే మీ రాజ్యం అత్తయ్య గుర్తొచ్చింది. ఆవిడ అక్కడ కొడుకు శ్రీధర్ దగ్గరకు వెళ్లినప్పటి సంగతి నీకు సగమే తెలుసు, పూర్తిగా చెబుతాను. అప్పట్లో డాక్టరు వాడిని బరువు తగ్గమన్నాడు. వాడు పొద్దున్న టిఫిను మానేసి, పెద్ద గ్లాసు నిండా యాపిల్ రసం తాగి ఆఫీసుకు పోయేవాడు. పండే కదా అని వాడి ధైర్యం. పదకొండు అయ్యేసరికి కడుపు కాలిపోయి అక్కడ దొరికిన తీపి రొట్టెలన్నీ తినేవాడట. అక్క అది కనిపెట్టింది. ఆవిడ చదివింది అయిదో తరగతే కానీ మనిషి ఆకలి ముఖం చూసి చెప్పేస్తుంది. 'నమలకుండా మింగింది కడుపుకు ఎలా తెలుస్తుందిరా?' అని అడిగిందట. ఆ మాటలో ఎంత శాస్త్రం ఉందో! 1977లోనే ఇంగ్లండులోని బ్రిస్టల్ డాక్టర్లు దీన్ని పరీక్షించి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. కొందరికి యాపిల్ పండు ఇచ్చారు, దాన్నే గుజ్జు చేసి ఇచ్చారు, రసం తీసి ఇచ్చారు. అందరికీ చక్కెర అంతే వెళ్లింది. కానీ రసం తాగినప్పుడు కడుపు అంతగా నిండినట్టు అనిపించలేదు, ఇన్సులిన్ మాత్రం ఎక్కువగా పెరిగింది. పీచు పోతే పండుకు ఉన్న బలమే పోతుంది. నువ్వు కూడా రసం డబ్బాలు కొంటూ ఉంటే ఇవాళే మానెయ్యి.

సరే, అక్క కథకు వస్తాను. పక్కింటి ముసలావిడ తన చెట్టు కాయలు, పచ్చ రంగువి, బుట్టెడు తెచ్చి ఇచ్చింది. అక్క ఒకటి కొరికి చూసి, 'ఇది పండు కాదు, మామిడికాయే' అంది. వెంటనే కందిపప్పుతో కలిపి కుక్కర్‌లో పెట్టేసింది. పులుపు తగిలితే పప్పు ఉడకదు కదా! పప్పు పలుకులుగా మిగిలింది, కాయ కరిగి కనిపించకుండా పోయింది. శ్రీధర్ పారబొయ్యబోతే ఊరుకోలేదు, అదే రుబ్బి అట్లు పోసింది. మర్నాడు పప్పు విడిగా ఉడికించి, ముక్కలు తర్వాత వేసింది. ఇక ఆ ఇంట్లో ఆ కాయతో చెయ్యనిది లేదు: పులిహోర, రోటి పచ్చడి, చారు. ఉగాదికి పచ్చిమామిడి దొరక్కపోతే ఉగాది పచ్చడిలోనూ అదే తరిగి వేసింది. శ్రీధర్ గబగబా ఏమీ సన్నబడలేదు. కానీ పొద్దున్న పదార్థం నమిలి తినడం మొదలుపెట్టాక ఆ పదకొండు గంటల ఆకలి పోయింది. తర్వాత్తర్వాత ప్యాంట్లు వదులయ్యాయి. ఆ వదులైన ప్యాంట్లు అత్తయ్య సూట్‌కేసులో పెట్టి మన చినబాబు కోసం తెచ్చింది, గుర్తుందా?

ఆ పప్పు నేనూ చేశాను. దానవాయిపేట పండ్ల కొట్టులో గ్రానీ స్మిత్ అనే పుల్లటి పచ్చ యాపిల్ దొరికింది, ధర మాత్రం బంగారమే. నువ్వు చెయ్యవలసిన తీరు రాస్తున్నాను. వంద గ్రాముల కందిపప్పు మెత్తగా ఉడికించుకో. ఒక పచ్చ యాపిల్ తొక్కతోనే ముక్కలు కొయ్యి, గింజలు తీసెయ్యి. మూకుట్లో కాస్త నీళ్లు పోసి, ముక్కలు, చీల్చిన పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు వేసి అయిదు నిమిషాలు మాత్రమే ఉడకనివ్వు. ముక్క మెత్తబడాలి కానీ విడిపోకూడదు. అప్పుడు పప్పు కలిపి ఒక్క పొంగు రానివ్వు. పోపుకు ఒక్క చెంచా నూనె చాలు, నువ్వు నేరుగా సీసా వంచుతావు, అది వద్దు. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు. దించాక నిమ్మకాయ పిండు. మామిడికాయంత పులుపు యాపిల్‌కు ఉండదు కాబట్టి రుచికి నిమ్మ కావాలి. దానిలోని సి విటమిను వల్ల పప్పులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది కూడా. తిన్న వెంటనే టీ తాగకు, తాగితే ఆ లాభం పోతుంది.

ఇది రెండు పూటలకు వస్తుంది. పూటకు దాదాపు 240 కేలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు. చిన్న గిన్నెడు అన్నం కలుపుకుంటే మొత్తం 440 దాటదు. పక్కన పెరుగు పచ్చడి చేసుకో: వెన్న తీసిన పాల పెరుగులో తురిమిన యాపిల్, అల్లం, కొత్తిమీర, చిటికెడు ఆవపొడి. తినేముందే తురుము, ముందే తురిమితే నీళ్లు ఊరుతుంది. పొద్దున్న ఓట్స్‌లో పంచదార బదులు తియ్య యాపిల్ ముక్కలు, దాల్చినచెక్క పొడి వేసి పాలతో ఉడికించు. ఆఫీసుకు నానబెట్టిన పెసరపప్పులో యాపిల్, కీరదోస తరిగి నిమ్మరసం కలిపి పట్టుకెళ్లు. దానికి మీ రాష్ట్రంలోనే పుట్టిన కాస్మిక్ క్రిస్ప్ రకం యాపిల్ బాగుంటుంది, కోసినా తొందరగా నల్లబడదు. సన్నబడాలంటే ఇలా తినాలి, వసుధా. పస్తులుంటే కొవ్వుతో పాటు కండా పోతుంది, తర్వాత జుట్టు రాలుతుంది, ఆపైన పని మీద మనసు నిలవదు. ముప్పై ఏళ్లు పిల్లలకు ప్రకృతి శాస్త్రం చెప్పినవాడిని, నా కూతురికి చెప్పకుండా ఎలా ఉంటాను?

ఇక ఒక్క మాట. పెద్దాపురం వాళ్లు అన్నది భాను నీదాకా చేరవేసిందేమోనని నా అనుమానం. అలా అయితే విను. ఆ సంబంధం వాళ్లు వద్దనలేదు, ఆ మాట వినగానే మీ అమ్మ లేచి నిలబడి మనమే వద్దని చెప్పింది. నేను కాఫీ కూడా తాగకుండా వచ్చేశాను. నీ ఒంటి గురించి బయటివాళ్ల అభిప్రాయం నాకు అక్కరలేదు, నీకూ అక్కరలేదు. నీకుగా నువ్వు బరువు తగ్గాలనుకుంటే తగ్గు, నేను మెచ్చుకుంటాను. ఎవరికోసమో మాత్రం కడుపు మాడ్చుకోకు.

ఫోనులో ముఖం చూపించడం ఎందుకు మానేశావో నేను అడగలేదు, అడగను. అమ్మ మాత్రం రోజూ అడుగుతోంది. కెమెరా పాడైందని నేను చెబుతూ వస్తున్నాను. వచ్చే ఆదివారానికి అది బాగైపోవాలి.

వచ్చే నెల శ్రీధర్ బావమరిది అక్కడికి వస్తున్నాడు. అతని చేతికి కందిపొడి, ఎండుమిర్చి, అమ్మ కుట్టించిన జాకెట్లు పంపుతున్నాను. జాకెట్లు పాత కొలతలకే కుట్టించాం, వదులైతే లోపల కుట్టు వేసుకో, బిగువైతే విప్పుకోవడానికి లోపల గుడ్డ వదిలాం. మందపాటి చలికోటు కొన్నావా? రక్తపరీక్ష కాగితం రాగానే హిమోగ్లోబిన్ ఎంతో నాకు విడిగా రాయి. అమ్మ పక్కనుంచి అడగమంటోంది, నీ దగ్గర ఇంగువ ఉందా, లేక అదీ పంపించాలా?

ఆశీస్సులతో,
నాన్న