మంత్రి గారూ, ‘తీపి తగ్గించండి’ అంటే సరిపోతుందా?

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఇదివరకు పెట్టుకున్న అర్జీలు మీ బల్ల దాకా వచ్చాయో, దారిలోనే సేదతీరుతున్నాయో తెలియదు. అందుకే ఈసారి నలుగురికీ కనబడేలా రాస్తున్నాను. ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఆహార నిపుణులను నియమిస్తామని మాట ఇచ్చారు. మా కేంద్రంలో వారి గది ఉంది, తలుపు మీద బోర్డు ఉంది, దానికి తాళమూ ఉంది. మనిషే లేరు.

నాకు పరగడుపు షుగరు 98 వచ్చింది. కాగితం మీద ‘సాధారణం’ అని ముద్ర, దాని కింద ఒక్క ముక్క: ‘తీపి తగ్గించండి, నడవండి’. రాబోయే మధుమేహానికి గుర్తులు కాగల మెడ వెనక నల్లబడిన చర్మాన్ని గాని, పెరిగిన నడుమును గాని ఎవరూ చూడలేదు. 100 చేరితే గాని మమ్మల్ని లెక్కలోకి తీసుకోరు కదా! ఆ 98ని నిలబెట్టడానికి, రక్తంలో చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్‌ను క్లోమం ఎంత కుమ్మరిస్తోందో ఆ పరీక్షలో తేలదు. కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట వినడం తగ్గించిన కొద్దీ క్లోమం మరికాస్త వదులుతూ ఏళ్ల తరబడి నెట్టుకొస్తుంది. అది చేతులెత్తేసిన నాడు మీ శాఖ మేలుకొని మాత్రలు ఇస్తుంది. మాత్రలకు మాత్రం కొరత లేదు, సంతోషం.

తీపి ఒక్కటే దోషి అయితే బాగుండేది. అవసరానికి మించి తిన్నది కొవ్వుగా మారి కాలేయంలో, కండరాల్లో పేరుకుంటే అక్కడ ఇన్సులిన్ పని సాగదు. తియ్యటి పానీయాల ద్వారా ఫ్రక్టోజ్ అనే చక్కెర మోతాదు మించితే కాలేయం దాన్ని కొవ్వుగా మార్చుకుంటుంది. నెయ్యి, వెన్న, వనస్పతి వంటివాటిలో ఉండే సంతృప్త కొవ్వులు మితిమీరినా అదే గతి. పీచు తీసేసిన పిండిపదార్థాలు గ్లూకోజును గబగబా రక్తంలోకి వదులుతాయి. పప్పులు, కూరగాయలు, ముడిధాన్యాలు నెమ్మదిగా వదులుతాయి. ఇదంతా విడమరిచి చెప్పడానికి పావుగంటైనా పడుతుంది. చీటీ రాసే డాక్టరుకు అంత తీరిక ఏది? వారిని తప్పుపట్టను, బయట వరుస నేనూ చూశాను. ‘చక్కెర లేదు’ అని రాసి ఉందని బిస్కెట్ల పొట్లం మొత్తం ధీమాగా ఖాళీ చేసేవారికి మైదా సంగతి, కొవ్వు సంగతి ఎవరు చెప్పాలి?

మీకు తెలియనిది కాదు. 2002లో వెలువడిన అమెరికా మధుమేహ నివారణ అధ్యయనంలో ఆహార మార్పులు, వ్యాయామం, కొద్దిపాటి బరువు తగ్గడం కలిసి మధుమేహం ముప్పును 58 శాతం తగ్గించాయి. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర తగ్గించింది 31 శాతం. అక్కడ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి నేర్పారు. మాకు చీటీ చాలనుకున్నారా? దయచేసి ఆ గదికి మనిషిని వేయండి.

ఇక పొట్లాల మీద చక్కెర వివరం ముందువైపే పెద్ద అక్షరాల్లో వేయిస్తామన్నారు. అది ఇంకా వెనక మడత కిందే, భూతద్దానికి కూడా లొంగకుండా ఉంది. విడి చక్కెరలు (తినేవాటిలో, తాగేవాటిలో కలిపే చక్కెర, తేనె, పళ్లరసాల్లోని చక్కెర) రోజువారీ శక్తిలో 10 శాతం లోపు, వీలైతే 5 శాతం లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. 5 శాతమంటే సుమారు 25 గ్రాములు. ఒక్క కూల్‌డ్రింక్ డబ్బాతోనే అది దాటిపోవచ్చు. ఆ లెక్క మేము ఎక్కడ చూసి వేసుకోవాలండీ?

నిపుణులను ఇవ్వండి, అక్షరాలు పెంచండి, షుగరు పరీక్షతో పాటు నడుము కూడా కొలవమనండి. బడ్జెట్ లేదంటారేమో, టేపు నేనే తెచ్చుకుంటాను. ‘పరిశీలనలో ఉంది’ అన్న జవాబు మాత్రం మళ్లీ పంపకండి.

ఇట్లు,
‘సాధారణం’ అని ముద్ర పడిన ఒక రోగి