వార్షిక నివేదిక: నిర్బంధంలో ఉన్న బాలల మానసిక ఆరోగ్యం

గౌరవ సభ్యులకు నమస్కారం.

మన సంఘం ఎందుకు పుట్టిందో మీకు మళ్లీ చెప్పనవసరం లేదు. ముందుగా కృతజ్ఞతలు. సెలవు రోజులు వదులుకుని, తప్పు చేశారని పిల్లలను నిర్బంధంలో ఉంచే హోమ్‌కు వచ్చిన మానసిక వైద్యులకు, ఏ వేళలో ఫోను చేసినా పలికిన న్యాయవాద మిత్రులకు, సమావేశాలకు తన ఇంటి ముందుగది ఇచ్చిన విశ్రాంత ఉపాధ్యాయినికి, పాత పుస్తకాలకు అట్టలు వేసి పిల్లలకు పంపిన సభ్యులకు సంఘం రుణపడి ఉంది. పేర్లు వద్దని వారే కోరారు కాబట్టి రాయడం లేదు.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోదగిన పని, రాత్రి కాపలా సిబ్బందికి మనం ఇచ్చిన శిక్షణ. కౌన్సెలర్ సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోతారు. చాలామంది పిల్లలకు అసలు కష్టం దీపాలు ఆర్పాక మొదలవుతుంది. ఆ వేళ మేలుకుని ఉండే పెద్దమనిషి కాపలాదారు ఒక్కడే. శిక్షణ ఆయనతోనే మొదలుకావాలని కార్యవర్గంలో నేను పట్టుబట్టాను. అక్కర్లేదన్నవారూ ఉన్నారు. శిక్షణ జరిగాక వారూ ఒప్పుకున్నారు, సంతోషం.

ఆ రోజు మేసీ-2 ప్రశ్నావళిని వివరించాం. 12 నుంచి 17 ఏళ్ల పిల్లల కోసం తయారైన 52 ప్రశ్నలు. అవును, కాదు అంటే చాలు, పావుగంటలో అయిపోతుంది. అది జబ్బును నిర్ధారించదు, ఎవరిని ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించాలో పట్టిస్తుంది. చనిపోవాలన్న ఆలోచనల గురించిన ప్రశ్నలు వచ్చినప్పుడు ఒక కాపలాదారు లేచి, "అలా అడిగితే లేని ఆలోచన మనమే పుట్టించినట్లు కాదా?" అన్నారు. అడిగినంత మాత్రాన పుట్టదని, అడిగేవారు లేకనే చాలామంది లోపల దాచుకుంటారని వైద్యురాలు ఓపిగ్గా చెప్పారు. ఆయన కూర్చోలేదు. "మా గదిలో ఒక అబ్బాయి బూట్లు విప్పకుండా పడుకుంటాడు. మొండితనమనుకుని రెండుసార్లు కోప్పడ్డాను" అన్నారు.

"తలుపు వైపు తిరిగి పడుకుంటాడా?"

"అవునండి."

రాత్రివేళ ఇంట్లోంచి పరుగెత్తవలసి వచ్చిన పిల్లలు కొందరు అలాగే నిద్రపోతారని ఆమె చెప్పారు. ఆ కాపలాదారు ఇప్పుడు ఆ మంచాన్ని తలుపు కనిపించేటట్లు జరిపించారు, వరండాలో ఒక దీపం వెలగనిస్తున్నారు. అబ్బాయి ఇప్పటికీ బూట్లతోనే పడుకుంటాడు, కానీ తెల్లవారేదాకా నిద్రపోతున్నాడట.

తప్పు చేసిన పిల్లలకు ఇంత గారాబమా అని మనల్ని అడిగేవారికి ఒక్క అధ్యయనం చాలు. అమెరికాలోని కుక్ కౌంటీ నిర్బంధ కేంద్రంలో 1990ల చివర 1,829 మంది పిల్లలను పరిశీలించారు. అబ్బాయిల్లో దాదాపు మూడింట రెండు వంతుల మందికి, అమ్మాయిల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలింది.

అధికారుల విషయం రాయాలంటే చేయి బరువెక్కుతోంది. అల్లరి చేసిన పిల్లవాణ్ణి ఒంటరి గదిలో పెట్టే పద్ధతి మానాలని పదేపదే లేఖలు రాశాం. స్వేచ్ఛ కోల్పోయిన బాలల రక్షణకు ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 1990లో ఆమోదించిన నిబంధనల్లో 67వది ఏకాంత నిర్బంధాన్ని శిక్షగా వాడకూడదని స్పష్టంగా చెబుతోంది. దాని ప్రతిని కూడా జతచేశాం. "పరిశీలనలో ఉంది" అన్న జవాబు తప్ప మరేమీ రాలేదు. ప్రాణం మీద విరక్తి పుట్టిన పిల్లవాణ్ణి నాలుగు గోడల మధ్య ఒంటరిగా వదిలితే ఏమవుతుందో పరిశీలించడానికి ఏడాది కావాలా?

జమాఖర్చులు తనిఖీ అయ్యాయి, పట్టిక చివరి పుటలో ఉంది. ప్రయాణ ఖర్చు పెరిగింది. వస్తామన్నవారు రాకపోవడంతో చివరి నిమిషంలో దూరంగా ఉన్నవారిని పిలిపించవలసి వచ్చింది.

ఇక్కడ దాచకుండా చెబుతాను. గత మహాసభలో ఆదివారాలు హోమ్‌లో పిల్లల దగ్గరకు వస్తామని చేతులెత్తినవారిలో సగం మంది ఒక్కసారీ రాలేదు. మాట ఇచ్చి రాని పెద్దలను ఈ పిల్లలు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నారు. ఆ వరుసలో మనమూ చేరకూడదు.

మిగిలిపోయిన పెద్ద పని విడుదల. గేటు దాటే రోజు పిల్లవాడి చేతికి బట్టల సంచి ఇస్తారు, మందుల చీటీ ఇవ్వరు. కుంగుబాటుకు వాడే మందులు ఉన్నట్టుండి ఆపితే ఒంట్లో ఇబ్బందులు వస్తాయి, జబ్బు తిరగబెట్టవచ్చు. విడుదల పత్రంతో పాటు మందుల చీటీ, తరువాత చూడవలసిన వైద్యుడి వివరాలు, కనీసం నెలకు సరిపడా మందులు ఇవ్వాలని కోరే తీర్మానం ఈరోజు 3వ అంశంగా ఉంది. చర్చించి ఆమోదించండి.

ఆదివారాల జాబితా బల్ల మీద పెట్టాను. రాగలిగినవారే పేరు రాయండి.

భవదీయుడు,
కార్యదర్శి