ఆ రాత్రి క్యూలో నా చోటు నిలిపినవారికి కృతజ్ఞతలు

నిన్న, 2024 మార్చి 3న, సింగపూర్ నేషనల్ స్టేడియంలో అమెరికన్ గాయని టేలర్ స్విఫ్ట్ కచేరీ చూసి వచ్చాను. మూడు గంటలకు పైగా సాగిన ఆ కచేరీలో ఆమె ఒక్కతే గిటారు పట్టుకుని పాడుతున్నంతసేపూ నా మనసు 2023 జూలై 6 రాత్రికి, టికెట్ల కోసం తపాలా కార్యాలయం బయట మేము పరుచుకున్న చాపల దగ్గరకే పోతూ వచ్చింది. ఆ రాత్రి నన్ను ఆదుకున్నవారికి నాలుగు మాటలు చెప్పుకోకపోతే నా సంతోషానికి నిండుదనం రాదు.

ఆగ్నేయాసియా మొత్తానికి ఆమె ఆగుతున్నది సింగపూర్‌లోనే, అదీ ఆరు ప్రదర్శనలకే. అందువల్ల జూలై 7 మధ్యాహ్నం 12 గంటలకు మొదలయ్యే అమ్మకానికి ఆన్‌లైన్ ఒక్కదాన్నే నమ్ముకోలేక, చాలామంది ముందురోజే, టికెట్లు అమ్మే సింగపూర్ తపాలా సంస్థ సింగ్‌పోస్ట్ శాఖల దగ్గరకు చేరుకున్నారు. నేనూ వెళ్ళాను.

నాకు చిన్నప్పటి నుంచి మధుమేహం ఉంది, రోజూ ఇన్సులిన్ తీసుకుంటాను. తెల్లవారుజామున మూడు గంటలప్పుడు షుగర్ పడిపోయి, చెమటలు పట్టి, చేతులు వణకడం మొదలయ్యేసరికి, తెచ్చుకున్న గ్లూకోజ్ బిళ్ళలు అప్పటికే అయిపోయాయి. నా వెనక కూర్చున్న కాలేజీ అమ్మాయి, పేరైనా అడగకుండా, తన కోసం దాచుకున్న పండ్లరసం నాచేత తాగించి, షుగర్ మళ్ళీ మామూలుకు వచ్చేదాకా నా పక్కనే కూర్చుంది. పక్క బ్లాకులో ఉండే మలయ్ పెద్దావిడ ఇంటికి తీసుకువెళ్ళి నాకు అన్నం పెట్టారు. నేను తిరిగి వచ్చేసరికి నా సంచీ, నా చోటూ అలాగే ఉన్నాయి. అంత పొడుగు క్యూలో ఒక్కరు కూడా ముందుకు జరగలేదు.

ఉదయం దారిన పోయే ఒకాయన మమ్మల్ని ఫోనులో చిత్రీకరిస్తూ, పనీపాటా లేనివాళ్ళని నవ్వారు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆ అమ్మాయి మాత్రం లేచి నిలబడి, 2019లో టేలర్ మొదటి ఆరు ఆల్బమ్‌ల అసలు రికార్డింగులు వేరే వారి చేతికి పోతే, కుంగిపోకుండా వాటిని ఒక్కొక్కటిగా మళ్ళీ పాడి తనవి చేసుకుంటున్న మనిషి కోసం కూర్చున్నామని, అలాంటి ఆల్బమ్ ఒకటి ఆ మధ్యాహ్నమే, సరిగ్గా టికెట్ల వేళకే విడుదలవుతున్నదని మర్యాదగా చెప్పింది. మా అభిమానాన్ని అంత నిబ్బరంగా నిలబెట్టినందుకు ఆమెకు నేను మరింత రుణపడి ఉన్నాను.

విజయవాడలో ఉన్న మా నాన్నగారికి కూడా నమస్కారాలు. మొదట కోప్పడినా, తన వయసులో మొదటి ఆట కోసం థియేటర్ గేటు దగ్గర పడుకున్న రాత్రులు గుర్తు చేసుకుని, తెల్లవార్లూ గంటగంటకూ ఫోన్ చేసి నా షుగర్ ఎంత ఉందో కనుక్కున్నారు.

ఆ అమ్మాయికి దొరికింది మార్చి 8వ తేదీ టికెట్. ఆ సాయంత్రం స్టేడియం గేటు దగ్గర, ఆమె అడిగిన ఊదారంగు పూసల కంకణంతో, రెండు పండ్లరసం డబ్బాలతో నేను ఎదురుచూస్తూ ఉంటాను.