బొమ్మ వేశారు సరే, వరుసలేవి?

అయ్యా,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో ధాన్యం కొనుగోళ్ల మీద వచ్చిన వార్త, దాని పక్కన పావు పేజీ ఆక్రమించిన రంగుల బొమ్మ చదువరులకి గుర్తుండే ఉంటాయి. గుండ్రటి చక్రం ఒకటి, ఎక్కిదిగే గీత ఒకటి, మధ్యలో లావుపాటి అక్షరాల్లో సగటు చెల్లింపు గడువు. అధికారుల డ్యాష్‌బోర్డుని, అంటే లెక్కల్ని బొమ్మలుగా చూపే కంప్యూటర్ తెరని, ఫొటో తీసి ఉన్నదున్నట్టు అచ్చేశారు. ఆ బొమ్మ వెనకున్న వరుసలు, అంటే ఒక్కో లోడుకి ఒక్కో లైనుగా ఉండే అసలు లెక్కలు, ఎవరైనా అడిగారా, వాళ్లు ఇచ్చారా అన్నది మాత్రం వార్తంతా వెతికినా లేదు. ధాన్యం శాంపిల్ చూపించమంటే పాలిష్ పట్టిన బియ్యం ఫొటో చేతిలో పెట్టినట్టుంది.

ముందు ఆ సగటు సంగతి. డబ్బు ఎన్ని రోజుల్లో పడిందో చెప్పేవాడు ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాడో కూడా చెప్పాలి. కాటా వేసిన తేదీ, ట్రక్ షీటు (లోడు వెంట వెళ్లే చీటీ) రాసిన తేదీ, లోడు మిల్లులో దిగిన తేదీ, ఎఫ్‌టీవో (ఖాతాకి డబ్బు పంపమనే ఉత్తర్వు) పుట్టిన తేదీ, ఖాతాలో జమ అయిన తేదీ. మొత్తం అయిదు. ఎఫ్‌టీవో నుంచి మొదలెడితే ఎవరి బాకీ అయినా ఒకటి రెండు రోజుల్లో తీరినట్టే కనపడుతుంది. అంతకుముందు లారీ మిల్లు గేటు ముందు వారం పడి ఉన్నా ఆ వారం ఎవరి ఖాతాలోకీ రాదు. దీన్ని మించిన తమాషా ఇంకోటుంది. డబ్బు ఇంకా పడని రైతు వరుసలో జమ తేదీ గడి, దాంతోపాటు రోజుల గడి ఖాళీగా ఉంటాయి. సగటు కట్టే ఫార్ములా ఖాళీ గడుల్ని వదిలేసి పోతుంది, ఎక్సెల్‌లో అయినా, డ్యాష్‌బోర్డులు తయారుచేసే పవర్ బీఐలో అయినా అంతే. అంటే డబ్బు అందనివాడు ఆ సగటులోనే లేడు. పదిమందిలో తొమ్మిది మందికి ఒక్క రోజులో పడి, పదోవాడికి 40 రోజులైనా పడలేదనుకోండి, తెర మీద సగటు 1 రోజు. వాడికి 41వ రోజున పడిందా, సగటు 5 రోజులకి ఎగబాకుతుంది. బాకీ పెట్టినన్నాళ్లూ మార్కులు ఫుల్లు, తీర్చిన రోజున తగ్గుదల! వరుసలు చేతిలో ఉంటే ఖాళీ గడులెన్నో ఎవరైనా రెండు నిమిషాల్లో లెక్కపెడతారు.

ఇక తూర్పుగోదావరిలో కొనుగోళ్లు పడిపోయాయన్న శీర్షిక. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టారన్నది ఆ గీత గీసినవాళ్లకి తెలియకపోవచ్చుగానీ మీ పత్రికకి తెలుసు కదండీ. పాత తూర్పుగోదావరిలో అమలాపురం, రాజోలు, కాకినాడ అన్నీ కలిసి ఉండేవి. ఇప్పుడు అదే పేరున్న జిల్లాలో అవి లేవు, గోదావరికి పడమటి వైపున్న కొవ్వూరు, నిడదవోలు వచ్చి చేరాయి. పేరొకటే, నేల వేరు. ఆ రెండిటినీ ఒకే గీత మీద పెట్టి తగ్గిందంటే తగ్గక ఏమవుతుంది? మండలం వారీ అంకెలు ఇస్తే రెండు కాలాల్నీ ఒకే మండలాలకి కూడి సరిచూసుకోవచ్చు. ఇవ్వలేదు గనకే ఈ అల్లరి.

సంవత్సరం దగ్గరా అదే గోల. సార్వా (ఖరీఫ్) ధాన్యం నవంబరు, డిసెంబరుల్లో కోతకొచ్చి కొనుగోళ్లు జనవరిలోకి సాగుతాయి. క్యాలెండరు ఏడాది బొత్తం నొక్కితే ఒక్క పంట రెండు ముక్కలవుతుంది. ఆర్థిక సంవత్సరం నొక్కితే ఏప్రిల్, మేలలో వచ్చిన దాళ్వా (రబీ), దాని తరవాతి సార్వా ఒకే గంపలో పడతాయి. అక్టోబరు నుంచి సెప్టెంబరు దాకా లెక్కించే మార్కెటింగ్ సీజనే సరైనది. మీరు వేసిన బొమ్మ ఏ లెక్కదో బొమ్మ మీద లేదు. బస్తా అన్నారు, ఎన్ని కిలోల బస్తా? మన వైపు రైతు నోట బస్తా అంటే 75 కిలోలు, కొనుగోలు గోనెసంచిలో పట్టించేది 40. నూరు బస్తాలంటే 75 క్వింటాళ్లా, 40 క్వింటాళ్లా?

వరుసలు అడిగితే వచ్చే జవాబు తెలిసిందే: “డ్యాష్‌బోర్డులోంచి తియ్యడం సాంకేతికంగా కుదరదండీ.” ఎందుకు కుదరదు? పవర్ బీఐలో ఒక చార్టు మీద మౌసు ఆనిస్తే పై మూల మూడు చుక్కలు వస్తాయి. అవి నొక్కితే ఎక్స్‌పోర్ట్ డేటా. అందులో సమ్మరైజ్డ్ డేటా అంటే చార్టులో కనపడే కూడికలే. అండర్‌లయింగ్ డేటా అంటే ఆ కూడికల కిందున్న ఒక్కో వరుస. రెండోది కనపడలేదంటే అది సాఫ్ట్‌వేర్ లోపం కాదు. రిపోర్టు సెట్టింగుల్లో కూడికలు మాత్రమే ఇవ్వాలనో, అసలేమీ ఇవ్వకూడదనో తయారుచేసినవాళ్లు పెట్టి ఉంటారు, లేదా అడిగిన ఉద్యోగి లాగిన్‌కి ఆ డేటా మీద బిల్డ్ అనుమతి (అసలు డేటాని వాడుకునే అనుమతి) ఇచ్చి ఉండరు. రెండూ ఆఫీసులోనే అయిదు నిమిషాల్లో తేలే పనులు. సీఎస్వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) తీస్తే 30 వేల వరుసలు, ఎక్సెల్‌గా తీస్తే లక్షా 50 వేలు దాటి రావు. జిల్లా మొత్తం ఒకేసారి లాగి “సగమే వచ్చింది” అనకుండా మండలం ఫిల్టరు పెట్టి ముక్కలుగా తీసుకుని కలుపుకోవాలి. టాబ్లో అనే మరో సాఫ్ట్‌వేర్‌లో చేసిన వాటికి డౌన్‌లోడ్ బొత్తం నొక్కితే డేటా అన్న మాట బూడిదరంగులో చచ్చిపడి ఉంటుంది. ముందు చార్టు మీద ఒకసారి నొక్కి మళ్లీ చూడాలి. అయితే ఒక్క కడ్డీ మీద నొక్కి తీస్తే ఆ కడ్డీ వరుసలే వస్తాయి. జిల్లా అంతటికీ అవే అనుకుని వార్త రాసేస్తే మళ్లీ ఇంకో ఉత్తరం రాయాల్సొస్తుంది.

రైతుల ఆధార్, బ్యాంకు ఖాతాలు బయటపడతాయన్నది రెండో సాకు. దాచాల్సినవే, కాదన్నదెవరు? కానీ బొత్తం దాచినంత మాత్రాన డేటా దాగదు. పబ్లిష్ టు వెబ్ పద్ధతిలో ఊరందరికీ వదిలిన పవర్ బీఐ రిపోర్టు వెనక మోడల్‌లో, అంటే చార్టులకి ఆధారమైన డేటాలో, ఏమున్నా, చార్టులో కనపడకపోయినా, తెలిసినవాడు లాగగలడు. రహస్య సమాచారం అలా పెట్టొద్దని మైక్రోసాఫ్టే హెచ్చరిస్తుంది. ఆధార్ కాలమ్‌ని మోడల్‌లోకి ఎక్కించకముందే తీసెయ్యాలి, రైతు పేరు బదులు ఒక వరుస సంఖ్య వెయ్యాలి. అది చేస్తే మిగతాది నిర్భయంగా ఇవ్వొచ్చు. అది చెయ్యకుండా బొత్తం ఒక్కటే ఆపితే దొంగకి తలుపు తీసి, ఇంటివాడికి తాళం వేసినట్టు.

సమాచార హక్కు కింద అడిగేవాళ్లు కూడా “డ్యాష్‌బోర్డు వివరాలు ఇప్పించగలరు” అని రాస్తున్నారు. అలా రాస్తే అదే రంగుల బొమ్మ నలుపు తెలుపులో జిరాక్సు తీసి, పేజీకింతని వసూలు చేసి పంపుతారు. ఇలా రాయండి: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, ఒక్కో ట్రక్ షీటుకి ఒక్కో వరుస, మండలం, రకం, తేమ శాతం, క్వింటాళ్లు, పైన చెప్పిన అయిదు తేదీలు, సీఎస్వీ ఫైలుగా. 2005 చట్టం సెక్షన్ 2(జె) ఎలక్ట్రానిక్ రూపంలో తీసుకునే హక్కు ఇచ్చింది. అడిగిన రూపంలోనే మామూలుగా ఇవ్వాలని 7(9) చెబుతుంది. వ్యక్తిగతమని తిప్పికొడితే ఆ భాగం తీసేసి మిగతాది ఇమ్మని సెక్షన్ 10 చూపించండి. 30 రోజుల్లో ఇవ్వకపోతే మొదటి అప్పీలు. అసలు సెక్షన్ 4 ప్రకారం ఎవరూ అడగకుండానే పెట్టాల్సినవి చాలా ఉన్నాయి, ఆ మాట ఎత్తితే ఆఫీసుల్లో వింత జంతువుని చూసినట్టు చూస్తారు.

ఫైలు వచ్చాక కూడా జాగ్రత్త. రెండుసార్లు నొక్కి తెరిస్తే తెలుగు ఊళ్ల పేర్లు పిచ్చి గీతలవుతాయి, 5/2 అన్న సర్వే నంబరు 5 ఫిబ్రవరో 2 మేనో అయి కూర్చుంటుంది, 12E5 లాంటి కోడ్ ఏకంగా 12 లక్షలైపోతుంది. ఎక్సెల్‌లో డేటా మెనూలోకి వెళ్లి ఫ్రమ్ టెక్స్ట్ సీఎస్వీ ఎంచుకుని, 65001 యూనికోడ్ పెట్టి, ట్రాన్స్‌ఫార్మ్‌లోకి వెళ్లి సర్వే నంబరు, కోడ్ కాలమ్‌లని టెక్స్ట్‌గా మార్చి లోడ్ చెయ్యాలి. 05-12 అంటే డిసెంబరు 5 అని కూడా అక్కడే చెప్పాలి, లేకపోతే సార్వా కోతలు మే నెలకి పోతాయి.

ధాన్యం ఒక్కటే అయితే సరిపెట్టుకుందుం. వరదప్పుడూ ఇదే తంతు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10, 13, 17 లక్షల క్యూసెక్కులకి ఒకటి, రెండు, మూడు హెచ్చరికలన్నది గోదావరి లంకల్లో చిన్నపిల్లలకీ నోటికొచ్చు. వాళ్లకి కావాల్సింది గంట గంటకీ అంకె, పశువుల్ని ఎప్పుడు గట్టెక్కించాలో తేల్చుకోడానికి. రోజు సగటు గీత చూపిస్తే అర్ధరాత్రి వచ్చిన పోటు అందులో కరిగిపోతుంది. లాకుల దగ్గర గోడకి గీసిన అడుగుల కొలత ఎంతో నయం, దారిన పోయేవాడెవడైనా చదువుకుంటాడు, దానికి లాగిన్ అక్కర్లేదు. ఊరి భూముల లెక్కలు రాసే కరణాల ఉద్యోగాలు 1984లో పోయాయి, వాళ్ల అన్యాయాలు వాళ్లవి. కానీ చేత్తో రాసిన అడంగల్‌లో కొట్టివేతైనా కంటికి కనపడేది. ఇప్పుడు డ్యాష్‌బోర్డు రాత్రి కొత్త అంకెలతో రిఫ్రెష్ అవుతుంది, నిన్నటి అంకె ఏమైందో అడిగితే “సిస్టమ్‌లో అలాగే ఉందండీ” అంటారు.

కాబట్టి ఇకమీదట అలాంటి బొమ్మ వేసేటప్పుడు దాని కింద మూడు ముక్కలు అచ్చెయ్యండి: ఏ రోజు ఏ గంటకి తీసింది, రోజులు ఏ తేదీ నుంచి లెక్కపెట్టింది, వరుసలు ఎక్కడ దొరుకుతాయి. మూడోదానికి జవాబు రాకపోతే “అడిగాం, ఇవ్వలేదు” అని వెయ్యండి. తూర్పుగోదావరి శీర్షికకి సవరణ కూడా, మొన్న బొమ్మ వేసిన చోటే, వీలైతే అదే సైజులో.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పాలకొల్లు