అమెరికా నాణేలు: ముందు కాటా, తర్వాతే బేరం

సంపాదకులకు,

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు గుంటూరు, విజయవాడల్లో వీధికి నాలుగు. బీరువా అరలో గుప్పెడు డాలర్ చిల్లర మామూలే. నోట్లు మార్చే కౌంటర్లలో చిల్లర తీసుకోరు. అందుకే ‘పాత అమెరికా నాణేనికి లక్షలు’ అనే ప్రకటనలకు జనం చిక్కుతున్నారు. రిజిస్ట్రేషన్ ఫీజనీ, పన్ననీ, కమీషననీ విడతలవారీగా గుంజుతారు. మరోవైపు, నిజంగా విలువైన వెండి డాలర్లు తూకానికి పోయి కరిగిపోతున్నాయి. 0.01 గ్రాము చూపే కాటా, భూతద్దం, అయస్కాంతం ఉంటే రెండు నష్టాలూ తప్పుతాయి.

మొదట సంవత్సరం చూడాలి. వాడకానికి ముద్రించిన డైమ్ (పది సెంట్లు), క్వార్టర్ (పాతిక సెంట్లు), అర డాలర్లు 1964 వరకు 90 శాతం వెండివి. 1965 చట్టంతో డైమ్, క్వార్టర్లలో వెండి తీసేసి, రాగికి రెండువైపులా రాగి-నికెల్ రేకు అతికారు. అంచు తిప్పి చూస్తే ఎర్రటి గీత కనబడుతుంది. వెండి క్వార్టర్ 6.25 గ్రాములు, తర్వాతది 5.67. కెన్నెడీ బొమ్మ అర డాలర్‌లో మాత్రం 1965 నుంచి 1970 వరకు 40 శాతం వెండి ఉంది, బరువు 11.5 గ్రాములు. దీన్ని చిల్లరలో పారేసుకోకండి. ఇక 2000లో వచ్చిన, బిడ్డను మోస్తున్న సకాజవియా అనే ఆదివాసీ మహిళ బొమ్మ డాలర్‌లో బంగారం రవ్వంత కూడా లేదు. అది రాగి మీద అతికిన మాంగనీసు ఇత్తడి రేకు.

అసలు జాగ్రత్తంతా మోర్గాన్ అనే పాత వెండి డాలర్ దగ్గర కావాలి. 1878 నుంచి 1904 వరకు, మళ్లీ 1921లో వేశారు. 26.73 గ్రాములు, 38.1 మిల్లీమీటర్లు, అందులో అసలు వెండి 24.06 గ్రాములు. అమ్మేనాటి వెండి ధరతో గుణిస్తే వచ్చేది కనీస విలువ మాత్రమే. ఆపైన ఎంతన్నది సంవత్సరం, టంకశాల గుర్తు, అరుగుదల తేలుస్తాయి. గద్ద వైపు, ఆకుల దండ ముడి కింద చిన్న అక్షరం వెతకండి. ‘సిసి’ అంటే కార్సన్ సిటీ, ‘ఎస్’ అంటే శాన్‌ఫ్రాన్సిస్కో. 1921వి ఎనిమిదిన్నర కోట్లకు పైగా వేశారు కాబట్టి అరిగినవాటికి వెండి ధరకు మించి పెద్దగా రాదు. 1893 ‘ఎస్’ లక్షే వేశారు. అందుకే మామూలు 1893 డాలర్‌కు ‘ఎస్’ అతికించి అమ్ముతారు. భూతద్దంలో అక్షరం చుట్టూ సన్నని అతుకు గీత ఉందేమో చూడాలి.

ముద్రించిన సంఖ్యను బట్టే విలువ కట్టడం కుదరదు. 1918లో పిట్‌మన్ చట్టం కింద అమెరికా 27 కోట్లకు పైగా వెండి డాలర్లు కరిగించింది. ఏ ఏడాదివి ఎన్ని పోయాయో లెక్క రాయలేదు. ఆ వెండిలో ఎక్కువ భాగం చేరింది మన దేశానికే! మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జనం నోట్లిచ్చి వెండి రూపాయలు అడుగుతుంటే, సరిపడా వెండి లేక బ్రిటిష్ ప్రభుత్వం కొని తెప్పించింది. మన ఇళ్లలోని ఆనాటి ఐదో జార్జి రూపాయల్లో కొన్నిటి వెండి ఒకప్పుడు డాలరే అయ్యుండొచ్చు.

నకిలీ పట్టడానికి గీటురాయి వద్దు. ఒక్క గీత పడిందంటే సేకర్తలిచ్చే ధర పడిపోతుంది. కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నాకు తెచ్చి, నాణేన్ని దారంతో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అసలు మోర్గాన్‌కు 2.6 గ్రాములకు అటూఇటూ చూపాలి. అంతే బరువున్న రాగి-నికెల్ నకిలీకి 3 చూపిస్తుంది. నాణెం అడుగుకు తగిలినా, గాలి బుడగలు అంటుకున్నా అంకె పెరుగుతుంది, మళ్లీ చూడాలి. అయస్కాంతానికి అంటుకుంటే వెండి కాదు. రాగి రంగు 1943 సెంటుకూ ఇదే పరీక్ష. ఆ ఏడాది సెంట్లు జింకు పూసిన ఉక్కువి, రాగివి పొరపాటున పడిన కొన్నే. అంటుకుంటే ఉక్కు మీద రాగి పూత వేశారన్నమాట.

చింతపండు, విభూతి, టూత్‌పేస్ట్‌తో తోమవద్దు. నల్లబడిన పొరే నాణేన్ని కాపాడుతుంది. తోమితే సన్నగీతలు పడతాయి, అవి ఎన్నటికీ పోవు. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో పెడితే మన ఉక్కకు పచ్చటి జిగురు పడుతుంది, గట్టి మైలార్ (పాలియెస్టర్) కవర్లు వాడాలి. అమ్మమని పిల్లలకు పోస్టులో పంపాలనుకునేవారు కూడా ఆగండి. ఇక్కడున్న నూరేళ్లు దాటిన నాణెం మన 1972 పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు, ఎగుమతి నిషేధం.

పాత నాణేల కొనుగోలు, అమ్మకాలతో తమకు సంబంధం లేదని, ఫీజులు అడగబోమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. ‘లక్షలిస్తాం’ అనే వర్గీకృత ప్రకటన మీ పత్రికలో పడిన రోజున, దాని పక్కనే ఆ హెచ్చరికనూ ముద్రించాలని కోరుతున్నాను.

— నాణేల సేకర్త, బ్రాడీపేట, గుంటూరు