మా పాత ఆంప్లిఫయర్‌ను బాగుచేయడంలో సాయపడిన సార్‌కు, అన్నకు, చెల్లెకు కృతజ్ఞతలు

మా బాపు 1980లలో దుబాయ్ నుంచి జగిత్యాలకు తెచ్చుకున్న జపాన్ స్టీరియో ఆంప్లిఫయర్ ఇప్పుడు హనుమకొండలోని మా ఇంట్లో ఎలాంటి గుయ్యిమనే మోత లేకుండా పాడుతున్నది. అందుకు కారణమైన ముగ్గురికి, అంటే ఆకాశవాణిలో ఇంజినీరుగా పనిచేసి రిటైరైన సార్‌కు, కాజీపేటలో రిపేర్ షాపు నడిపే అన్నకు, హైదరాబాద్‌లో చదువుకుంటూ విడిభాగాలు వెతికి పంపిన మా పక్కింటి చెల్లెకు, అందరి ముందూ నమస్కరించి కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. పేర్లు రాయవద్దని వారే కోరారు కాబట్టి రాయడం లేదు.

సార్ చేసిన మొదటి మేలు, కొలవకుండా ఏ భాగాన్నీ పీకనీయకపోవడం. చార్జిని నిల్వ చేసుకుని సప్లయిని సాఫీగా ఉంచే పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లలో నిలిచిన చార్జిని రెసిస్టర్ పెట్టి దించాకే చేయి పెట్టనిచ్చారు. తర్వాత ఒక్కొక్కదాన్ని ఈఎస్ఆర్ మీటరుతో, అంటే కెపాసిటర్ లోపలి నిరోధాన్ని చూపే మీటరుతో, కొలిపించారు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ లోపలి ద్రవం ఏళ్ల తరబడి వేడికి ఆరిపోతుందని, దానితో కెపాసిటెన్స్ (చార్జి నిలుపుకునే సామర్థ్యం) తగ్గి ఈఎస్ఆర్ పెరుగుతుందని, మన 50 హెర్ట్జ్ ఏసీ కరెంటు, దాన్ని డీసీగా మార్చే రెక్టిఫయర్ దాటాక 100 హెర్ట్జ్ రిపుల్‌గా (డీసీలో మిగిలే అలగా) మారి, దాన్ని అణచలేని కెపాసిటర్ వల్ల స్పీకర్లో మోతగా వినబడుతుందని ఓపికగా వివరించారు. కెపాసిటర్ల అడుగున గట్టిపడిన గోధుమరంగు పదార్థాన్ని చూసి లోపలి ద్రవం కారిందేమోనని అడిగితే, అది ఆ రోజుల్లో కంపెనీలో భాగాలు కదలకుండా పూసిన జిగురని, కాలం గడిచేకొద్దీ అది కరెంటును పారనిస్తుందని, పక్కనున్న తీగలను తినేస్తుందని చెప్పి, మొత్తం గీకించారు. ఆ ఒక్క మాట చెప్పకపోతే కొత్త కెపాసిటర్లు కూడా అదే జిగురులో కూర్చునేవి.

విలువల విషయంలోనూ సార్ మాటే నిలిచింది. 85 డిగ్రీల వేడి వరకు తట్టుకునే కెపాసిటర్ల స్థానంలో 105 డిగ్రీలవి వేశాము. అవి తట్టుకునే వోల్టేజి పాతదానికి సమానంగా గానీ ఒక మెట్టు పైన గానీ చూసుకున్నాము. ఫిల్టర్ దగ్గర మైక్రోఫారడ్లు (కెపాసిటెన్స్ కొలత) మాత్రం పెంచలేదు, ఎందుకంటే మరీ పెద్ద కెపాసిటర్ వేస్తే స్విచ్ వేసిన క్షణంలో లాగే కరెంటు పెరిగి పాత రెక్టిఫయర్ మీద భారం పడుతుంది.

ఆప్ ఆంప్‌ల (సిగ్నల్‌ను పెంచే చిన్న ఐసీల) పని అన్న చేతి మీదుగా జరిగింది. టోన్ కంట్రోల్ బోర్డులో ఉన్నవి ఆ కాలంలో ఎక్కడ చూసినా కనిపించే 4558 ఐసీలు. పాత బోర్డు మీది రాగి తొందరగా లేచిపోతుంది కనుక, అన్న ముందుగా కొంచెం కొత్త సోల్డర్ తగిలించి, పాతది కరిగాక పంపుతో పీల్చి, ఎనిమిది కాళ్లూ వదులయ్యాయని సూదిమొనతో కదిపి చూసి, అప్పుడే ఐసీని పైకి తీశారు. ఆ స్థానంలో సాకెట్ వేశారు. కొత్తగా పెట్టిన ఓపీఏ 2134 ఐసీ స్లూ రేటు (అవుట్‌పుట్ వోల్టేజి మారగల వేగం) మైక్రోసెకనుకు 20 వోల్టులు. 4558 రెండు వోల్టులు కూడా దాటదు. అంత వేగమైన ఐసీకి సప్లయి దగ్గర ఆసరా లేకపోతే చెవికి వినబడని ఫ్రీక్వెన్సీలో తనంతట తానే కంపించి (ఆసిలేట్ అయి) ఊరికే వేడెక్కవచ్చు. అందుకే బోర్డు వెనుక 4, 8 కాళ్ల మధ్య 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్‌ను వీలైనంత పొట్టి కాళ్లతో అతికించి, సిగ్నల్ ఆకారాన్ని తెర మీద చూపే ఆసిలోస్కోపులో గీత సన్నగా ఉన్నదని చూపించాకే మూత బిగించారు. బోర్డుకు అందేది ప్లస్, మైనస్ 15 వోల్టులు, ఈ ఐసీ తట్టుకునేది 18 వరకు అని ముందే సరిచూసుకున్నాము.

పేరున్న ఐసీల్లో పాతవాటి మీద నంబరు చెరిపి మళ్లీ ముద్రించి అమ్మేవి చాలానే ఉంటాయి. అందువల్ల చెల్లె కెపాసిటర్లను కోఠిలోని గుజరాతీ గల్లీలో కొన్నా, ఐసీలను మాత్రం అధీకృత పంపిణీదారు దగ్గరే బిల్లుతో తీసుకుని పంపింది. పరీక్షల కాలంలో ఇంత శ్రద్ధ పెట్టినందుకు ఆమెకు ఎంత చెప్పినా తక్కువే.

నా చెవికి తెలిసినంతలో, మోత పోవడం పూర్తిగా కెపాసిటర్ల పుణ్యమే. ఆప్ ఆంప్‌ల వల్ల వచ్చిన తేడా చిన్నది: వాల్యూమ్ పెంచినప్పుడు వినిపించే సన్నని బుస్సుమనే శబ్దం తగ్గింది, బాపు దాచుకున్న ఒగ్గుకథ క్యాసెట్లలో డోలు దెబ్బ, తాళం మోత ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా వేర్వేరుగా వినబడుతున్నాయి. ఖర్చుకు వెనుకాడేవారు ముందుగా కెపాసిటర్లు మార్పించి, ఐసీలను తర్వాత చూసుకోవడమే మేలని నా అభిప్రాయం. సార్ కూడా అదే అన్నారు.

పని పూర్తయ్యాక ఎక్కడైనా షార్ట్ ఉంటే కరెంటును అదుపు చేసేలా తీగ మధ్యలో సీరీస్ బల్బు పెట్టి ఆన్ చేసి, బల్బు ఒక్కసారి వెలిగి మసకబారాక స్పీకర్ టెర్మినళ్ల దగ్గర, స్పీకర్‌కు హాని చేసే డీసీ వోల్టేజి కొలిస్తే రెండు చానళ్లలోనూ 10 మిల్లీవోల్టుల లోపే ఉంది. సార్ చేతిరాతతో విలువలు గుర్తించిన సర్క్యూట్ డయాగ్రం జిరాక్స్ ప్రతులు, మిగిలిన కొన్ని కెపాసిటర్లు అన్న షాపులోనే ఉంచాము. ఇలాంటి ఆంప్లిఫయర్ ఇంట్లో ఉన్నవారు అడిగితే, ఇవ్వడానికి అన్న సంతోషంగా ఒప్పుకున్నారు.