తలుపులు మూసింది ఎవరు? నిందిస్తున్నది ఎవరిని?

సంపాదకునికి,

అయ్యా,

2027 రగ్బీ ప్రపంచకప్ గురించి మీ క్రీడా పుటలో వచ్చిన వ్యాసానికి ఎవరో ఒకరు జవాబు రాస్తారని ఇన్ని రోజులు ఎదురుచూశాను. ఎవరూ రాయలేదు కనుక నేనే రాస్తున్నాను. జట్ల సంఖ్యను 20 నుంచి 24కు పెంచడంతో టోర్నీ పలచబడిపోతుందని, జింబాబ్వే, హాంకాంగ్ వంటి జట్లు చిత్తుగా ఓడిపోవడానికే ఆస్ట్రేలియా వెళ్తాయని మీ వ్యాసకర్త తేల్చేశారు. రుజువుగా 2003లో ఆస్ట్రేలియా చేతిలో నమీబియా 142-0తో ఓడిన సంగతి, 2023లో రుమేనియా స్కాట్లాండ్ చేతిలో 84-0తో, దక్షిణాఫ్రికా చేతిలో 76-0తో ఓడిన సంగతి ఏకరువు పెట్టారు. అంకెలు సరైనవే. కానీ అవి ఎందుకు అలా వచ్చాయో చెప్పే వాక్యం ఆ వ్యాసంలో ఒక్కటీ లేదు. నా కోపమంతా దాని మీదే.

రుమేనియా సంగతే తీసుకుందాం. 1983లో బుఖారెస్ట్‌లో వేల్స్‌ను 24-6తో ఓడించిన జట్టు అది. 1984లో స్కాట్లాండ్ ఐదు దేశాల టోర్నీలో (ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఐర్లాండ్, ఫ్రాన్స్‌లది; ఇటలీ చేరాక ఇదే సిక్స్ నేషన్స్ అయింది) అన్ని మ్యాచ్‌లూ గెలిచి గ్రాండ్ స్లామ్ సాధించింది. అదే ఏడాది అదే స్కాట్లాండ్ బుఖారెస్ట్ వెళ్లి 28-22తో ఓడి వచ్చింది. 1988లో రుమేనియన్లు కార్డిఫ్‌కే వెళ్లి వేల్స్‌ను ఓడించారు. అంతటి జట్టుకు ఏటా జరిగే ఆ టోర్నీలో చోటు ఇవ్వాలని పెద్దలకు తోచలేదు. 1989 విప్లవం తర్వాత అక్కడి పాత క్రీడా వ్యవస్థ కూలిపోయింది, ఆదుకునే టోర్నీ లేదు, ఆదాయం లేదు. ముప్పై ఏళ్లకు పైగా పెద్ద మ్యాచ్‌లకు దూరంగా పెట్టి, నాలుగేళ్లకోసారి మైదానంలోకి దింపి, 84-0 చూపించి 'వీళ్లకు ఆట రాదు' అనడం న్యాయమేనా? బిడ్డకు తిండి పెట్టకుండా ఎదగలేదని తిట్టినట్లుంది.

మ్యాచ్‌లు దొరికితే ఏమవుతుందో చూపడానికి అర్జెంటీనా ఉంది. 2007 ప్రపంచకప్‌లో ఆతిథ్య ఫ్రాన్స్‌ను రెండుసార్లు ఓడించి మూడో స్థానం సాధించింది. అయినా దక్షిణార్ధగోళపు పెద్ద జట్ల వార్షిక టోర్నీలో చేరడానికి 2012 దాకా ఆగవలసి వచ్చింది. చేరిన తర్వాత మొదట్లో ఓటముల మీద ఓటములు చవిచూసింది. 2020లో తొలిసారి న్యూజిలాండ్‌ను ఓడించింది, 2022లో న్యూజిలాండ్ గడ్డ మీదే ఓడించింది, 2023 ప్రపంచకప్‌లో సెమీఫైనల్ ఆడింది. ఏటా పెద్ద జట్లతో ఆడనివ్వకపోతే ఇది జరిగేదా?

ఇక జార్జియాకు జరుగుతున్నది చూస్తే రక్తం ఉడుకుతుంది. సిక్స్ నేషన్స్‌కు దిగువన ఉండే యూరప్ చాంపియన్‌షిప్‌ను 2018 నుంచి 2025 వరకు ఏటా ఈ జట్టే గెలిచింది. 2022 జులైలో బటూమిలో ఇటలీని 28-19తో ఓడించింది. నాలుగు నెలలు దాటగానే కార్డిఫ్‌లో వేల్స్‌ను 13-12తో ఓడించింది. బహుమానం ఏమిటి? ఏమీ లేదు. మరుసటి ఏడాది మళ్లీ అదే కింది టోర్నీ, మళ్లీ అవే జట్లు. సిక్స్ నేషన్స్‌లో అట్టడుగున నిలిచిన జట్టు కిందికి దిగదు, కింద గెలిచిన జట్టు పైకి రాదు. అది ఆరు సంఘాల సొంత ఆస్తి కనుక తమ ఇష్టమేనని వాదిస్తారు. యూరప్‌లో ఆటకు పెద్ద దిక్కు తామేనని చెప్పుకునేవారు ఇలాంటి సమాధానం చెప్పవచ్చునా?

ఇటలీని తీసేయమని నేను అనడం లేదు. 2000లో చేరిన ఇటలీ ఆ టోర్నీలో వరుసగా 36 మ్యాచ్‌లు ఓడిపోయింది. ఎవరూ బయటకు పంపలేదు, పంపకపోవడమే మంచిదైంది. 2022లో వేల్స్‌ను ఓడించి ఆ వరుసకు తెర దించింది. 2024లో స్కాట్లాండ్, వేల్స్ రెండింటినీ ఓడించి, ఫ్రాన్స్‌తో సమంగా నిలిచింది. ఓడుతూనే ఆట నేర్చుకోవడానికి ఇటలీకి ఇరవై ఏళ్లకు పైగా వ్యవధి ఇచ్చారు కదా, జార్జియాకు ఒక్క ఏడాదైనా ఎందుకు ఇవ్వరు? 2027లో ఈ రెండు జట్లూ దక్షిణాఫ్రికా, రుమేనియాలతో కలిసి ఒకే పూల్‌లో (గ్రూపులో) పడ్డాయి. ఇటలీ, జార్జియాల మ్యాచ్ మీ వ్యాసకర్త తప్పక చూడాలి.

మరో అన్యాయం ఉంది. 2015లో బ్రైటన్‌లో జపాన్ 34-32తో దక్షిణాఫ్రికాను ఓడించింది. ప్రపంచమంతా నివ్వెరపోయింది. నాలుగు రోజులు గడవగానే ఆ అలసిన ఆటగాళ్లనే స్కాట్లాండ్ మీదికి దింపారు. స్కాట్లాండ్‌కు అదే మొదటి మ్యాచ్, హాయిగా విశ్రాంతి తీసుకుని వచ్చింది. జపాన్ 45-10తో ఓడింది. చివరకు మూడు మ్యాచ్‌లు గెలిచి కూడా క్వార్టర్ ఫైనల్ చేరలేకపోయింది. 2011లో సమోవాకూ ఇదే గతి. నమీబియాతో ఆడిన నాలుగో రోజున, వారం రోజులు విశ్రాంతి దొరికిన వేల్స్‌తో తలపడింది. 2023లో మాత్రమే ప్రతి జట్టుకూ కనీసం ఐదు రోజుల విరామం ఉండేలా షెడ్యూలు వేశారు. 1987 నుంచి జరుగుతున్న టోర్నీలో ఈ కనీస మర్యాదకు అన్నేళ్లు పట్టింది! ఆ 2023లోనే పోర్చుగల్ ఫిజీని 24-23తో ఓడించింది, ఫిజీ ఆస్ట్రేలియాను 22-15తో ఓడించింది. మీ వ్యాసంలో వీటికి చోటు దొరకలేదు. లిస్బన్‌లో 2025లో ఐర్లాండ్ 106-7తో పోర్చుగల్‌ను ఓడించిన సంగతికి మాత్రం చోటు దొరికింది.

2026లో మొదలవుతున్న నేషన్స్ చాంపియన్‌షిప్ అనే పెద్ద జట్ల టోర్నీని మీ వ్యాసకర్త ఆకాశానికెత్తారు. సిక్స్ నేషన్స్ జట్లు ఆరు, దక్షిణార్ధగోళపు జట్లు నాలుగు (న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, అర్జెంటీనా), వాటితో పాటు జపాన్, ఫిజీ. అంతే, తలుపు మూసేశారు. 2030 దాకా కింది నుంచి పైకి వచ్చే దారే లేదు. మిగతా పన్నెండు జట్లకు నేషన్స్ కప్ అని వేరే టోర్నీ పెట్టారు. జార్జియా, పోర్చుగల్, సమోవా, టోంగా, ఉరుగ్వే అన్నీ అందులోనే. లోపల చోటు దొరికిన ఫిజీ పరిస్థితి కూడా చూడండి. జులైలో తన 'స్వదేశీ' మ్యాచ్‌లను కార్డిఫ్‌లో, లివర్‌పూల్‌లో, ఎడిన్‌బరోలో ఆడాలట. వేల్స్‌తో వేల్స్‌లో, ఇంగ్లండ్‌తో ఇంగ్లండ్‌లో, స్కాట్లాండ్‌తో స్కాట్లాండ్‌లో ఆడేవి స్వదేశీ మ్యాచ్‌లు ఎలా అవుతాయి? 2016లో రియోలో ఫిజీకి చరిత్రలో మొట్టమొదటి ఒలింపిక్ పతకం, అదీ స్వర్ణం, తెచ్చిపెట్టింది సెవెన్స్ (జట్టుకు ఏడుగురు ఆడే) రగ్బీయే. అంతగా ఆటను ప్రేమించే ప్రజలు తమ రాజధాని సువాలో కూర్చుని తమ జట్టును టీవీలో చూసుకోవాలి. సమోవా గడ్డ మీద న్యూజిలాండ్ తొలిసారి కాలు పెట్టింది 2015లో. సమోవా మూలాలున్న ఆటగాళ్లతో దశాబ్దాల తరబడి గెలుస్తూ వచ్చిన న్యూజిలాండ్‌కు సమోవా రాజధాని అపియా వెళ్లడానికి అంతకాలం తీరిక దొరకలేదు.

ఎందుకిలా అంటే ఓట్ల లెక్క చూడాలి. ప్రపంచమంతటా ఈ ఆటను నడిపే వరల్డ్ రగ్బీ సంస్థ మండలిలో పది పాత దేశాలకు మూడేసి ఓట్లు ఉన్నాయి. ఆసియా ఖండమంతటి తరఫున ఆసియా సంఘానికి ఉన్నవి రెండు. చిన్న దేశాల తరఫున గట్టిగా మాట్లాడిన అర్జెంటీనా మాజీ కెప్టెన్ అగుస్టిన్ పిచోట్ 2020లో అధ్యక్ష పదవికి పోటీ చేసి 28-23తో ఓడిపోయారు. అధికారం ఉన్నవారు తమంతట తాము దాన్ని పంచుకోరు.

ఇది రగ్బీకే పరిమితమైన రోగం కాదు, మన క్రికెట్‌దీ ఇదే కథ. 2003 ప్రపంచకప్‌లో కెన్యా సెమీఫైనల్ చేరి డర్బన్‌లో మనతో ఆడింది. ఆ తర్వాత ఆ జట్టుతో సిరీస్ ఆడిన పెద్ద దేశాలు ఎన్ని? 2011 తర్వాత కెన్యా ప్రపంచకప్‌లోనే కనిపించలేదు. అదే 2011లో బెంగళూరులో ఐర్లాండ్ ఇంగ్లండ్‌ను ఓడించింది. దానికి ప్రతిఫలంగా ఐసీసీ 14 జట్ల టోర్నీని 2019లో పదికి కుదించింది. అప్పుడు కూడా మన పత్రికలు 'నాణ్యత' అనే రాశాయి. సొమ్మున్న బోర్డుల మాటనే నాణ్యత అని అచ్చువేయడం క్రీడా విలేకరుల పని కాదు. ఒకప్పుడు మీ పత్రికలోనే జిల్లా స్థాయి కబడ్డీ, వాలీబాల్ ఫలితాలు చదివేవాళ్లం. ఇప్పుడు ఐపీఎల్ వేలానికి రెండు పుటలు, మిగతా ఆటలన్నిటికీ ఒక మూల.

వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ని. మా సరిహద్దుకు అవతల ఒడిశాలో గిరిజన పిల్లలు రగ్బీ నేర్చి, 2007లో లండన్‌లో జరిగిన పాఠశాలల టోర్నీని గెలిచి వచ్చారు. 2025లో ఆసియా అండర్-20 సెవెన్స్ పోటీలను బిహార్‌లోని రాజ్‌గీర్ నిర్వహించింది. అదే ఏడాది రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అనే జట్టు ఆడింది, కానీ లీగ్ మ్యాచ్‌లన్నీ ముంబయిలోనే జరిగాయి. పేరు మనది, ఆట అక్కడ. మన రెండు రాష్ట్రాల క్రీడాశాఖలు ఈ ఆటకు ఒక మైదానాన్నైనా గుర్తించి ఇవ్వాలని కోరుతున్నాను. మన దేశం ప్రపంచకప్‌కు ఎంతో దూరంలో ఉన్న మాట నిజం. కానీ హాంకాంగ్ 2025లో ఆసియా టోర్నీ గెలిచి తొలిసారి ప్రపంచకప్‌కు అర్హత సాధించింది. సంఖ్య 24కు పెరగకపోతే, ఆ దారి తెరుచుకోకపోతే, ఆసియాలో జపాన్ తప్ప మరొకరి పేరు వినబడేదా? మీ వ్యాసకర్త 'పలచబడడం' అన్నది దీన్నే.

నేషన్స్ కప్ మ్యాచ్‌లు జులైలోనూ, నవంబరులోనూ జరుగుతాయి. పెద్ద వ్యాసాలు అడగడం లేదు. ఆ పన్నెండు జట్ల స్కోర్లను వారానికోసారి క్రీడా పుటలో వేయండి. జింబాబ్వే 1991 తర్వాత మళ్లీ ప్రపంచకప్‌కు ఎలా వచ్చిందో, ఉగాండాలోని కంపాలాలో నమీబియా మీద 30-28తో ఎలా గెలిచిందో మీ విలేకరి చేత రాయించండి. ఈ లేఖను కుదించకుండా ప్రచురిస్తారని ఆశిస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
విజయనగరం